‘ఉపరితల కూర్పు’ అనే గడి గురించి: ఉత్ప్రేరక శాస్త్ర పత్రికల సంపాదకులకు, సమీక్షకులకు బహిరంగ లేఖ

సంపాదకులకు, సమీక్షకులకు నమస్కారం.

ద్విలోహ ఉత్ప్రేరకాల మీద మీకు వచ్చే వ్యాసాల్లో చాలావాటిలో ఒకే రకం పట్టిక ఉంటుంది. ఒక గడిలో నమూనా మొత్తం కూర్పు, పక్క గడిలో ‘ఉపరితల కూర్పు’. మొదటిది నమూనాను ఆమ్లంలో కరిగించి ఐసీపీతో (ప్లాస్మా సాయంతో మూలకాలను లెక్కించే పద్ధతి) కొలిచినది. దానితో నాకు పేచీ లేదు. రెండోది ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌రేలు తగిలి నమూనా నుంచి బయటపడే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే పద్ధతి) సాఫ్ట్‌వేర్ తీసి ఇచ్చిన పరమాణు శాతం. ఆ గడికి పెట్టిన పేరే తప్పు. అందులో ఉన్నది ఉపరితలం ఒక్కటే కాదు, దాని కింద ఉన్న ఎన్నో పొరలు కలిసిపోయిన అంకె. ఆ పేరుతో దాన్ని అచ్చుకు వదలవద్దని అడగడానికే ఈ ఉత్తరం.

ఉత్ప్రేరకం పని చేసేది బయటి పరమాణువుల దగ్గర. వాయువు అణువు వచ్చి వాలేది అక్కడే, బంధం తెగేదీ అక్కడే. కింది వరుసలో ఏముందో దాన్నిబట్టి పై వరుస స్వభావం మారుతుంది, నిజమే. కానీ అణువుకు చోటిచ్చేది పై వరుసే. ఒక్కో క్రియాశీల స్థానం సెకనుకు ఎన్ని అణువులను మారుస్తుందో చెప్పే టర్నోవర్ ఫ్రీక్వెన్సీ లెక్కలో హారం ఆ స్థానాల సంఖ్యే. హారం తప్పితే లెక్క మొత్తం తప్పుతుంది. రెండు లోహాలు కలవడం వల్ల ఒక్కో స్థానం ఇన్ని రెట్లు చురుకైందని రాసే వాక్యానికి ఆధారం ఉండదు.

చిన్న లెక్క చూడండి. అల్యూమినియం ఎక్స్‌రే గొట్టం నుంచి వచ్చే కిరణం శక్తి 1486.6 ఎలక్ట్రాన్ వోల్టులు. అది ప్లాటినం 4ఎఫ్ కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను తన్నితే ఆ ఎలక్ట్రాన్ సుమారు 1415 ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తితో బయటికి వస్తుంది. అంత శక్తి ఉన్న ఎలక్ట్రాన్ లోహంలో శక్తి కోల్పోకుండా సగటున వెళ్లగలిగే దూరాన్ని 1.5 నానోమీటర్లు అనుకుందాం. ప్లాటినంలో ఒక పరమాణు వరుసకూ దాని కింది వరుసకూ మధ్య దూరం సుమారు 0.23 నానోమీటరు. ఘాతీయ క్షీణత సూత్రంలో ఈ రెండూ పెడితే, మొత్తం సంకేతంలో పై వరుస వాటా 14 శాతం. మిగతా 86 శాతం కింది నుంచి వస్తుంది.

ఇప్పుడు పై వరుస పూర్తిగా ‘అ’ అనే లోహం, కింద అంతా ‘అ’, ‘ఆ’ సగం సగం అనుకోండి. ఎక్స్‌పీఎస్ చూపించేది 57 శాతం ‘అ’. అసలు నిజం 100. ఆ 57ను చూసి ‘ఉపరితలం మీద అ కొద్దిగా ఎక్కువ’ అని రాస్తాం. నిజానికి అణువు వాలే చోట ‘ఆ’ అన్నదే లేదు. ఇదే లెక్కను వెనక్కి తిప్పితే ఇంకా భయపెడుతుంది. కొలతలో 5 శాతం తేడా వచ్చిందంటే, పై వరుస అంచనాలో అది ఏడు రెట్లై 35 శాతం దాకా వెళ్తుంది. ఒక్కో మూలకం సంకేతాన్ని పరమాణువుల సంఖ్యగా మార్చే సున్నితత్వ గుణకాల వల్లే అంత తేడా రావచ్చని ఎక్స్‌పీఎస్ మీద కూర్చున్న ప్రతివారికీ తెలుసు.

అది చదునైన లోహం సంగతి. మన నమూనాలు నానో రేణువులు. 309 పరమాణువుల క్యూబోఆక్టాహెడ్రన్ (చతురస్ర, త్రిభుజ ముఖాలున్న ఘనరూపం) రేణువు తీసుకుందాం. దాని వెడల్పు రమారమి 2 నానోమీటర్లు. అందులో 162 పరమాణువులు బయట, 147 లోపల. బయటివన్నీ ఒక లోహం, లోపలివన్నీ ఇంకో లోహం అయితే మొత్తం కూర్పు 52కి 48. అదే నిష్పత్తిలో రెండు లోహాలూ పూర్తిగా కలిసిపోయిన రేణువు ఇంకొకటి ఉందనుకోండి. ఉత్ప్రేరకాలుగా ఈ రెండింటికీ పోలికే ఉండదు. ఎక్స్‌పీఎస్‌లో మాత్రం రెండింటికీ తేడా, నేను వేసుకున్న అంచనాలో, అయిదు శాతానికి కాస్త అటూ ఇటూ. రేణువు వ్యాసమే ఎలక్ట్రాన్ ప్రయాణ దూరానికి దగ్గరగా ఉన్నప్పుడు యంత్రం రేణువును ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసేస్తుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టలేం. నమూనా లోతు పొడవునా ఒకే కూర్పు ఉందనుకుని అది లెక్క వేస్తుంది, ఆ సంగతి ముందే చెబుతుంది కూడా. పొరలుగా ఉందని మనమే అనుమానిస్తున్న నమూనాకు ఆ లెక్కను వాడి, వచ్చిన అంకెకు ‘ఉపరితలం’ అని పేరు పెడుతున్నది మనం.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. కొన్నేళ్ల క్రితం పల్లాడియం–బంగారం రేణువుల మీద పని చేశాను. ఎక్స్‌పీఎస్‌లో 335 ఎలక్ట్రాన్ వోల్టుల బంధన శక్తి (కిరణం శక్తి నుంచి ఎలక్ట్రాన్ గతిశక్తి తీసేస్తే మిగిలేది) దగ్గర పీక్ వచ్చింది. పల్లాడియం 3డి అని గుర్తించాను, వైశాల్యం కొలిచాను, నిష్పత్తి రాశాను. బంగారం 4డి పీక్ కూడా సరిగ్గా అక్కడే వస్తుంది. పుస్తకంలో ఉన్న విషయమే, నేను చదివిన విషయమే. ఫిట్టింగ్ చేసేటప్పుడు మాత్రం దాన్ని విడిగా పెట్టలేదు. పల్లాడియం ఎక్కువగా కనిపించింది, మా రేటు లెక్కలతో ఆ అంకె చక్కగా సరిపోయింది కూడా. సరిపోయింది కాబట్టే మళ్లీ చూడలేదు. ఆ వ్యాసాన్ని చదివిన సమీక్షకులు నన్ను చాలా అడిగారు. బంగారం పీక్‌ను వేరు చేశావా అన్న ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. తర్వాత అదే బ్యాచ్ నమూనాను ప్రధానంగా పై వరుసనే చూసే అల్పశక్తి అయాన్ పరిక్షేపణలో పెడితే పై వరుసలో అత్యధికం బంగారమే అని తేలింది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. బంగారం 4ఎఫ్ పీక్ వైశాల్యం నుంచి 4డి వాటా ఎంతో లెక్కగట్టి తీసేసి ఉంటే, లేదా 340 దగ్గర వచ్చే పల్లాడియం రెండో పీక్‌ను జతగా చూసి ఉంటే, అరగంటలో తెలిసిపోయేది.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. అల్యూమినా మీద ప్లాటినం–రాగి ఉత్ప్రేరకం ఎంత మామూలు నమూనానో మీకు తెలుసు. ప్లాటినం 4ఎఫ్ పీకులు 71, 74 దగ్గర, అల్యూమినియం 2పి పీక్ 74 పైన, రాగి 3పి పీక్ 75 దగ్గర. మూడూ ఒకే కుప్ప. అక్కడ ప్లాటినం శాతం చెప్పాలంటే 314 దగ్గరి 4డి పీక్‌కు వెళ్లాలి. అది బలహీనం, వెడల్పు ఎక్కువ, కానీ అక్కడ అడ్డం తగిలేవి లేవు. కార్బన్ మీద రుథీనియం అయితే 3డి పీక్ కార్బన్ 1ఎస్ పీక్ మీదే కూర్చుంటుంది. వ్యాసంలో ముడి స్పెక్ట్రమ్, ఫిట్ చేసిన గీతలు, మిగులు గీత (కొలతకూ ఫిట్‌కూ మధ్య తేడా) మూడూ కనిపించకపోతే రచయిత ఈ చిక్కును ఎలా విప్పాడో పాఠకుడికి తెలిసే దారి లేదు.

గాలిలో ఉంచిన ప్రతి నమూనా మీదా కార్బన్ పొర పేరుకుంటుంది. దాన్ని 284.8 దగ్గర శక్తి సరిచూసుకునే గుర్తుగా వాడుకుని వదిలేస్తాం. కానీ ఆ పొర ఎలక్ట్రాన్లన్నింటినీ ఒకే మోతాదులో ఆపదు. రాగి 2పి ఎలక్ట్రాన్ సుమారు 554 ఎలక్ట్రాన్ వోల్టులతో నెమ్మదిగా వస్తుంది, ప్లాటినం 4ఎఫ్ ఎలక్ట్రాన్ 1415తో వస్తుంది. కార్బన్‌లో వాటి సగటు ప్రయాణ దూరాలు సుమారు 1.8, 3.6 నానోమీటర్లు అనుకుంటే, ఒక్క నానోమీటరు మకిలి చాలు, రాగి–ప్లాటినం నిష్పత్తి అసలుకన్నా పావు వంతు తక్కువగా కనిపిస్తుంది. వాడిన ఉత్ప్రేరకం మీద కార్బన్ ఇంకా ఎక్కువ. ‘చర్య తర్వాత ఉపరితలం నుంచి రాగి తగ్గిపోయింది’ అన్న వాక్యం ఎదురైతే, దాని పక్కనే కార్బన్ 1ఎస్ వైశాల్యం ఎంత పెరిగిందో ఉందా అని చూడండి. అది లేకపోతే తగ్గింది రాగో, రాగి సంకేతమో చెప్పలేం. ఆర్గాన్ అయాన్లతో గీకి శుభ్రం చేశామని రాస్తే ఇంకా అనుమానించాలి. అయాన్లు రెండు లోహాలనూ సమానంగా ఊడగొట్టవు. మనం కొలవాలనుకున్న పొరే మొదట పోతుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. పై వరుస కూర్పు నమూనాకు పుట్టుకతో వచ్చిన స్థిర గుణం కాదు. చుట్టూ ఉన్న వాయువును బట్టి అది మారుతుంది. శూన్యంలో వేడి చేస్తే ఉపరితల శక్తి తక్కువ ఉన్న లోహం పైకి వస్తుంది. పల్లాడియం–బంగారంలో అది బంగారం. అదే రేణువును కార్బన్ మోనాక్సైడ్‌లో పెడితే, దాన్ని గట్టిగా పట్టుకోగల పల్లాడియం పైకి చేరుతుంది. ఆక్సిజన్ అయితే నికెల్, కోబాల్ట్, రాగి వంటి సులువుగా ఆక్సీకరణం చెందే లోహాలను లాగుతుంది. నా నమూనా శూన్యంలో బంగారంలా కనబడి, రియాక్టర్‌లో పల్లాడియంలా పని చేయడానికి కారణం చివరికి ఇదే అని నా నమ్మకం.

2008లో ఉపరితల రసాయన శాస్త్రవేత్త గాబర్ సోమర్జాయ్ బృందం ఇంకా స్పష్టంగా చూపించింది. రోడియం–పల్లాడియం రేణువులను వాయువుల మధ్యనే ఉంచి, సింక్రోట్రాన్ కిరణాలతో ఎక్స్‌పీఎస్ కొలిచారు. ఆక్సీకరణ వాయువుల్లో పెంకు రోడియంతో నిండింది. కార్బన్ మోనాక్సైడ్ చేర్చగానే పల్లాడియం బయటికి, రోడియం లోపలికి కదిలాయి. వాయువు మార్చితే మళ్లీ తిరగబడింది. పక్కనే కొలిచిన ప్లాటినం–పల్లాడియం రేణువుల్లో అంత కదలిక కనిపించలేదు. అంటే ఒక జంట గురించి తెలిసింది ఇంకో జంటకు అతికించలేం. ఈ వ్యాసం వచ్చి ఇన్నేళ్లయినా, 300 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో క్షయీకరించి, గాలిలోకి తీసి, సీసాలో వారం ఉంచి, శూన్యంలో కొలిచిన అంకెను ‘క్రియాశీల ఉపరితలం’ అని పిలుస్తున్నాం.

సరిగ్గా కొలిస్తే ఎంత తెలుస్తుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 2007లో వచ్చిన ప్లాటినం–నికెల్ పని. మూడు ప్లాటినంకు ఒక నికెల్ ఉన్న స్ఫటికపు 111 ముఖం (పరమాణువులు అతి దట్టంగా పేర్చుకున్న తలం) మీద, అయాన్ పరిక్షేపణ, ఉపరితల ఎక్స్‌రే పద్ధతులు కలిపి వాడి, పొరపొరగా విడదీశారు. పై వరుస పూర్తిగా ప్లాటినం. దాని కింది వరుసలో దాదాపు సగం నికెల్. మొత్తంలో నికెల్ పావు వంతే. ఆక్సిజన్ క్షయీకరణలో ఆ ముఖం శుద్ధ ప్లాటినం 111 ముఖం కన్నా సుమారు పది రెట్లు చురుకు. అన్ని పొరలనూ కలిపేసి ఒకే అంకె చెప్పి ఉంటే, కింది వరుసలో దాక్కున్న నికెల్ పైన ఉన్న ప్లాటినం గుణాన్ని మార్చిందన్న సంగతి ఎలా తెలిసేది?

ఖరీదైన యంత్రాలు లేని ప్రయోగశాలల మాటేమిటని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయాన్ పరిక్షేపణ యంత్రాలు అరుదు. హీలియం అయాన్లు కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టులతో వచ్చి గుద్దుకుని వెనక్కి వస్తాయి. లోపలికి దిగినవి దారిలో విద్యుదావేశం పోగొట్టుకుంటాయి కాబట్టి, పీకులుగా కనబడేది ప్రధానంగా పై వరుసే. ఆ గుణం మరే పద్ధతికీ అంత శుద్ధంగా లేదు. కానీ దానికీ హద్దులున్నాయి. అది గుర్తుపట్టేది ద్రవ్యరాశిని. ప్లాటినం–బంగారం, పల్లాడియం–వెండి జంటలను విడదీయడం దాదాపు అసాధ్యం. నికెల్–రాగికి హీలియం బదులు నియాన్ కావాలి. అందుకని అందరినీ ఆ యంత్రం తెమ్మని నేను అడగడం లేదు.

వాయువును అంటించి చూసే పాత పద్ధతి ఉంది. 1972లో జాన్ సిన్‌ఫెల్ట్, ఆయన సహచరులు నికెల్‌కు రాగి కలుపుతూ పోయారు. కొద్ది శాతం రాగికే గట్టిగా అంటుకునే హైడ్రోజన్ బాగా పడిపోయింది. ఈథేన్‌ను విరిచే వేగం వెయ్యి రెట్ల మేర తగ్గింది. సైక్లోహెక్సేన్ నుంచి హైడ్రోజన్ తీసే చర్య మాత్రం చాలావరకు నిలిచింది. కలిపిన శాతానికి మించి రాగి పైకి చేరిందని హైడ్రోజన్ కొలతే చెప్పింది. ఇవాళ్టికీ అది చిన్న ప్రయోగశాలకు అందుబాటులో ఉన్న పనే.

పరారుణ స్పెక్ట్రోస్కోపీలో కార్బన్ మోనాక్సైడ్‌ను గూఢచారిగా పంపడం ఇంకొక దారి. పల్లాడియం పరమాణువులు పక్కపక్కన ఉంటే అది వంతెనలా కూర్చుని 2000 తరంగ సంఖ్యకు (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే అంకె) దిగువన పట్టీ ఇస్తుంది. ఒంటరి పల్లాడియం మీద నిటారుగా నిలబడి 2000కు పైన ఇస్తుంది. పై వరుసలో ఏ పరమాణువు పక్కన ఏది ఉందో చెప్పే సమాచారం ఇది, ఎక్స్‌పీఎస్‌కు చేతకానిది. అయితే పట్టీల ఎత్తును నేరుగా పరమాణు శాతంగా మార్చే వ్యాసాలను ఆపండి. అణువులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడు ద్విధ్రువాల కలయిక వల్ల తక్కువ పౌనఃపున్యపు పట్టీ తన బలాన్ని ఎక్కువ పౌనఃపున్యపు పట్టీకి ఇచ్చేస్తుంది. కార్బన్–13 ఉన్న అణువులు కలిపి పలచన చేస్తే ఆ ప్రభావం ఎంతో తెలుస్తుంది. పైగా ఈ గూఢచారి తానే పల్లాడియంను పైకి లాగుతుంది. ఉష్ణోగ్రత తగ్గించి, కొద్దికొద్దిగా వాయువు వదిలి, కాలంతో పట్టీలు మారుతున్నాయా అని చూసి ఉండాలి.

ఎక్స్‌పీఎస్ ఒక్కటే ఉన్నా చేయగలిగింది చాలా ఉంది. ఒకే లోహానికి రెండు పీకులు, రెండు గతిశక్తుల దగ్గర కొలవవచ్చు. రాగి 2పి ఎలక్ట్రాన్లు తక్కువ లోతు నుంచి, 3పి ఎలక్ట్రాన్లు ఎక్కువ లోతు నుంచి వస్తాయి. అడ్డం వచ్చే పీకులు లేని నమూనాలో ఈ రెండూ ఇచ్చే రాగి శాతాలు ఒకటే అయితే కూర్పు లోతుతో పెద్దగా మారడం లేదని, తేడాగా ఉంటే పొరలున్నాయని అర్థం. అదే స్పెక్ట్రమ్‌లో ఉన్న సమాచారం, కొత్త ఖర్చు లేదు. తర్వాత రెండు మూడు నమూనా నిర్మాణాలు ఊహించి, బయట ఒక లోహం, లోపల ఇంకో లోహం ఉన్న పెంకు–గుజ్జు ఒకటి, కలిసిపోయినది ఒకటి, వాటి నుంచి రావలసిన సంకేతాన్ని లెక్కించి కొలతతో పోల్చాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చే సెస్సా వంటి ప్రోగ్రాములు నానో రేణువులకు కూడా ఆ పని చేస్తాయి. ‘మా కొలత ఈ రెండు నిర్మాణాలనూ విడదీయలేదు’ అని తేలితే, అదీ ఫలితమే.

ఇక్కడ మీతో గట్టిగా మాట్లాడాలి. ఆ వాక్యాన్ని నిజాయితీగా రాసిన వ్యాసాలను మనం వెనక్కి పంపుతున్నాం. ‘ఉపరితల కూర్పు తేల్చలేకపోయారు’ అని రాసి తిప్పికొడతాం. అదే కొలతకు ‘ఉపరితలం 57 శాతం’ అని ధీమాగా రాసిన వ్యాసాన్ని ఒప్పుకుంటాం. నేనూ సమీక్షలు రాస్తాను. ‘ఎక్స్‌పీఎస్ జత చేయండి’ అని, అది ఏ ప్రశ్నకు జవాబు ఇస్తుందో ఆలోచించకుండా రాసిన సందర్భాలు నాకూ ఉన్నాయి. ఆ ఒక్క ముక్కతో ఒక విద్యార్థి నెలలు ఖర్చు చేసి, చివరికి ఆ గడి నింపడానికి ఒక అంకె పట్టుకొస్తాడు. తప్పు నేర్పుతున్నది మనమే. ఇక ఆ రివ్యూ వాక్యం నేను రాయను.

సంపాదకులను అడిగేది పెద్దదేమీ కాదు. పరమాణు శాతం ఇచ్చే ప్రతి పట్టికలో ఏ పీకులు వాడారో, వాటి గతిశక్తి ఎంతో, సంకేతం రమారమి ఎంత లోతు నుంచి వచ్చిందో రాయించండి. గడి పేరు ‘ఎక్స్‌పీఎస్ కూర్పు’ అనే ఉండాలి. ‘ఉపరితల’ అనే మాట పై వరుసను నిజంగా చూసిన పద్ధతికి మిగల్చండి. నమూనా రియాక్టర్ నుంచి యంత్రానికి ఏ దారిన వచ్చింది, గాలి తగిలిందా, ఎంతసేపు అన్నది ఒక్క వాక్యంలో ఉండాలి. మొత్తం కూర్పును అడ్డం గీత మీద పెట్టి వేగాన్ని గీసి, మధ్యలో వచ్చిన శిఖరాన్ని ‘అనుకూల ఉపరితల నిష్పత్తి’ అని పిలిస్తే, అది వంటకపు నిష్పత్తి మాత్రమేనని గుర్తు చేయండి. ముడి స్పెక్ట్రమ్ ఫైళ్లు జతపరచడం తప్పనిసరి చేయండి.

సమీక్షకులకు ఇచ్చే ఫారంలో ఒక ప్రశ్న చేర్చండి: ‘ఈ వ్యాసంలో చెప్పిన ఉపరితల కూర్పు ఏ లోతు వరకు, ఏ వాయువులో, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచినది?’ దానికి జవాబు రాయడానికి వ్యాసంలో సమాచారం దొరకకపోతే, మొదట ఆ సంగతే రచయితకు రాసి పంపుదాం.

ఇట్లు,
ద్విలోహ ఉత్ప్రేరకాల మీద పని చేస్తున్న ఒక పరిశోధకురాలు